పగ్గం ఎవరి చేతిలో ఉంది?

ఉద్యోగికీ, స్వతంత్ర కాంట్రాక్టరుకూ మధ్య గీత ఎక్కడ? బీడీ కార్ఖానా నుంచి ఆహార డెలివరీ దాకా అదే ప్రశ్న

నిజామాబాద్: ఒడిలో చాట పెట్టుకుని ఇంటి అరుగు మీద బీడీలు చుట్టే మహిళ ఎవరి ఉద్యోగి? తునికాకు, తంబాకు, దారం కార్ఖానా నుంచి వస్తాయి. చుట్టిన బీడీలు తిరిగి కార్ఖానాకే వెళతాయి. బాగా లేవని పక్కన పడేసే అధికారం కార్ఖానాదే. వెయ్యి బీడీలకు ఎంత ఇవ్వాలో లెక్క కట్టేదీ అక్కడే. అయినా ఆమె ఏనాడూ కార్ఖానా హాజరు పట్టీలో సంతకం చేయలేదు. ఏ వేళకు కూర్చోవాలో, ఏ వేళకు లేవాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మరి ఆమెను ఉద్యోగి అనాలా, సొంతంగా పని చేసుకునే వ్యక్తి అనాలా?

పట్టణంలో ద్విచక్ర వాహనంపై ఆహార పొట్లాలు చేరవేసే యువకుడి విషయంలోనూ ఇదే సందేహం తలెత్తుతోంది. బండి అతనిది, పెట్రోలు ఖర్చు అతనిది. అయితే ఏ పొట్లం ఎవరికి ఇవ్వాలో, దానికి ఎంత ముట్టాలో నిర్ణయించేది ఫోనులోని యాప్. కంపెనీ అతన్ని 'భాగస్వామి' అని పిలుస్తుంది. ప్రమాదం జరిగి కాలు విరిగిననాడు ఆ భాగస్వామ్యానికి ఉన్న విలువ ఎంతో తేలిపోతుంది.

ఉద్యోగి, స్వతంత్ర కాంట్రాక్టరు అనే రెండు మాటల మధ్య ఉన్న గీత చూడటానికి సన్నని గీతే. కానీ కనీస వేతనం, భవిష్యనిధి, గ్రాట్యుటీ, ప్రమాద పరిహారం వంటి హక్కులన్నీ ఆ గీతకు ఒకవైపునే ఉన్నాయి. రెండోవైపున ఉన్న వ్యక్తికి ఒప్పుకున్న పనికి ఒప్పుకున్న డబ్బు తప్ప మరేమీ రాదు. అందుకే గత ఏడు దశాబ్దాలుగా దేశంలోని న్యాయస్థానాలు ఈ గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నను మళ్లీ మళ్లీ విచారిస్తూ వచ్చాయి. నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన నేపథ్యంలో ఈ ప్రశ్న మరోసారి ముందుకు వచ్చింది.

మనిషిని కుదుర్చుకోవడం, పనిని కుదుర్చుకోవడం

చట్టం చూపే తేడా మన ఊళ్లలో అందరికీ తెలిసినదే. పొలానికి జీతగాణ్ణి పెట్టుకున్న రైతు అతని శ్రమను కుదుర్చుకుంటాడు. ఏ రోజు ఏ పని చేయాలో, ఎలా చేయాలో రైతు చెబుతాడు. అదే రైతు బావి తవ్వే ముఠాతో ఇన్ని గజాలకు ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటే, పనిని కుదుర్చుకున్నట్లు. ఎందరిని తెచ్చుకోవాలి, ఏ పనిముట్లు వాడాలి, ఎన్ని రోజుల్లో ముగించాలి అన్నది ముఠా పెద్ద చూసుకుంటాడు. లాభం వచ్చినా, రాయి పడి నష్టం వచ్చినా అతనిదే.

మొదటిది ఉద్యోగం, రెండోది స్వతంత్ర కాంట్రాక్టు. ఈ రెండు చివర్లలో ఉన్నవారి గురించి ఎవరికీ తగాదా లేదు. ఇంటికి వచ్చి నల్లా బాగుచేసి వెళ్లే ప్లంబరు ఆ ఇంటి యజమానికి ఉద్యోగి కాడు. నెల జీతానికి దుకాణంలో కూర్చునే గుమాస్తా కాంట్రాక్టరు కాడు. చిక్కంతా మధ్యలో ఉన్నవారితోనే. పీసు రేటుపై కుట్టే దర్జీలు, ఇంట్లో బీడీలు చుట్టేవారు, సొంత బండితో సరుకు చేరవేసేవారు ఈ మధ్య ప్రదేశంలోనే ఉన్నారు.

ఉప్పు మళ్లలో మొదలైన వాదన

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దంలోనే ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. సౌరాష్ట్ర ప్రాంతంలో ఉప్పు పండించే అగరియాలకూ, ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ అనే కంపెనీకీ మధ్య వివాదం అది. కంపెనీ ఉప్పు భూమిని మళ్లుగా విభజించి ఒక్కొక్క అగరియాకు ఒక్కో మడి అప్పగించేది. అగరియా తన కుటుంబంతో కలిసి పనిచేసేవాడు. అవసరమైతే తానే డబ్బిచ్చి కూలీలను పెట్టుకునేవాడు. పని వేళలంటూ లేవు. పండిన ఉప్పు తూకాన్ని బట్టి అతనికి డబ్బు ముట్టేది. వారు మా కార్మికులు కారని కంపెనీ వాదించింది.

1956లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఏ పని చేయాలో చెప్పే అధికారంతోపాటు, ఆ పనిని ఏ విధంగా చేయాలో నిర్దేశించే అధికారం ఎవరికి ఉన్నదన్నదే ముఖ్యమని పేర్కొంది. ఉప్పు తయారీలోని ప్రతి దశలోనూ కంపెనీ పర్యవేక్షణ ఉన్నందున అగరియాలు కార్మికులేనని స్పష్టం చేసింది. సహాయానికి మరొకరిని పెట్టుకున్నంత మాత్రాన కార్మికుడు కాంట్రాక్టరు అయిపోడని కూడా తేల్చింది. దీనినే న్యాయవాదులు అజమాయిషీ పరీక్ష అంటారు. పగ్గం ఎవరి చేతిలో ఉంటే యజమాని వారే అన్నది దాని సారాంశం.

బీడీ కార్ఖానాలో రెండు తీర్పులు

సూత్రం దొరికింది కానీ దానిని అన్వయించడం అంత సులువు కాలేదని కొద్ది కాలానికే రుజువయింది. 1960లో నాగపూర్‌కు చెందిన ఒక బీడీ కార్ఖానా కేసులో, ఇష్టం వచ్చిన వేళకు వచ్చి వెళ్లే వెసులుబాటు ఉన్నప్పటికీ కార్ఖానాలో బీడీలు చుట్టేవారు కార్మికులేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి సంవత్సరమే మహారాష్ట్రకు చెందిన మరో బీడీ కేసులో ఇందుకు భిన్నమైన ఫలితం వచ్చింది. వచ్చినప్పుడు రావడం, వెళ్లినప్పుడు వెళ్లడం, చుట్టినదానికి డబ్బు తీసుకోవడమే తప్ప యజమాని అజమాయిషీ ఏమీ లేదంటూ ఆ వ్యక్తి కర్మాగార చట్టం కింద కార్మికుడు కాడని ధర్మాసనంలో అధిక సంఖ్యాకులు నిర్ణయించారు. ఆ తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి మన తెలుగువారైన కోకా సుబ్బారావు. తరువాతి కాలంలో ఆయన దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఒకే వృత్తి, ఒకే విధమైన పని, ఏడాది తేడాలో రెండు ఫలితాలు. పని స్వభావంలోని చిన్న చిన్న వివరాలే హక్కులను నిర్ణయిస్తున్నాయని కార్మికులకూ, యజమానులకూ అప్పుడే అర్థమయింది. కొందరు యజమానులు కార్ఖానాలు మూసి, పనిని మధ్యవర్తుల ద్వారా ఇళ్లకు పంపే పద్ధతిని పెంచుకున్నారు. మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన మరో కేసులో 1964లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని నిశితంగా పరిశీలించింది. ఆకు, తంబాకు యజమాని ఇస్తూ, తయారైన సరుకు యజమానే తీసుకుంటూ ఉంటే, మధ్యలోని కాంట్రాక్టరు పేరుకు మాత్రమే కాంట్రాక్టరని, నిజానికి అతను యజమాని ఏజెంటేనని తేల్చింది. బీడీలు చుట్టేవారు అసలు యజమాని కార్మికులేనని ప్రకటించింది.

ఈ వివాదాలకు తెర దించేందుకే పార్లమెంటు 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. యజమాని లేదా కాంట్రాక్టరు ఇచ్చిన ముడిసరుకుతో ఇంటి వద్ద బీడీలు చుట్టేవారు కూడా ఉద్యోగులేనని అందులో రాశారు. 1977లో బీడీ పరిశ్రమకు భవిష్యనిధి చట్టం వర్తింపజేసినప్పుడు యజమానులు మళ్లీ కోర్టుకెక్కారు. ఇంటి వద్ద పనిచేసేవారిపై మాకు అజమాయిషీ ఎక్కడుందని వారు ప్రశ్నించారు. 1985లో సుప్రీంకోర్టు దానికి సమాధానమిచ్చింది. నాసిరకం బీడీలను తిరస్కరించే హక్కు యజమాని చేతిలో ఉండటమే అజమాయిషీ అని, ఇల్లు కూడా పని ప్రదేశమేనని పేర్కొంది.

ఆ తీర్పు ఫలితాన్ని నేటికీ నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల ప్రాంతాల మహిళలు అనుభవిస్తున్నారు. బీడీ కార్మికులకు రాష్ట్ర ప్రభుత్వం ఆసరా పథకం కింద ప్రవేశపెట్టిన జీవనభృతికి పీఎఫ్ సభ్యత్వమే ఆధారం. 2019లో ఆ మొత్తం నెలకు 2,016 రూపాయలకు పెరిగింది. పీఎఫ్ నంబరు లేనివారు, వేరొకరి పేరు మీద బీడీలు అప్పగించినవారు ఏళ్ల తరబడి చుట్టినా కాగితాలపై ఎవరి కార్మికులూ కారు. కోర్టులు గీసిన గీత పేద ఇంటి గడప దాకా ఎలా వస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

దర్జీల కేసు చూపిన దారి

దేశమంతటా న్యాయవాదులు నేటికీ ఉదహరించే మరో కేసు మన రాష్ట్రం నుంచి వెళ్లినదే. తెలంగాణ ప్రాంతానికి వర్తించిన 1951 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ అనే దర్జీ దుకాణానికీ, దుకాణాల తనిఖీ ప్రధానాధికారికీ మధ్య వివాదం వచ్చింది. అక్కడ కుట్టే దర్జీలు ఉద్యోగులా, కాదా అన్నది ప్రశ్న. హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరిన ఈ కేసులో 1973 సెప్టెంబరు 25న తీర్పు వెలువడింది.

యజమాని చెప్పిన వాస్తవాలు బలంగానే కనిపించాయి. దర్జీలకు జీతం లేదు, పీసుకు ఇంత అని కూలి. అది కూడా పనితనాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో రేటు. ఏ రోజైనా రాకపోతే సెలవు చీటీ పెట్టనక్కరలేదు, రావడం లేదని కబురు కూడా చేయనక్కరలేదు. పని లేకపోతే దుకాణం మూయకముందే వెళ్లిపోవచ్చు. కొందరు కొన్ని రోజులు బట్ట ఇంటికి తీసుకువెళ్లి కుట్టుకొస్తారు. ఇంత స్వేచ్ఛ ఉన్నవారు ఉద్యోగులెలా అవుతారని వాదన.

న్యాయస్థానం నాణేనికి రెండోవైపు చూసింది. కుట్టు మిషన్లు యజమానివి. దుకాణం యజమానిది. బట్ట కత్తిరించి ఇచ్చాక ఎలా కుట్టాలో చెప్పేది యజమాని. చెప్పినట్టు కుట్టకపోతే విప్పి మళ్లీ కుట్టమంటాడు. మాట వినని దర్జీకి సాధారణంగా మరి పని ఇవ్వడు. బట్ట ఇంటికి తీసుకువెళ్లాలన్నా యజమాని అనుమతి కావాలి. వీటన్నిటినీ కలిపి చూస్తే దర్జీలు ఆ దుకాణం ఉద్యోగులేనని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

ఈ తీర్పులోని ముఖ్యాంశం మరొకటి ఉంది. అజమాయిషీ ఒక్కటే కొలబద్ద కాదని న్యాయస్థానం గుర్తించింది. నైపుణ్యం ఉన్న పనిలో యజమాని ప్రతి కుట్టునూ చూడలేడు, చూడనక్కరలేదు. అందువల్ల పనిముట్లు ఎవరివి, సరుకు తిరస్కరించే హక్కు ఎవరిది, లాభనష్టాలు ఎవరివి వంటి విషయాలన్నింటినీ కలిపి తూచాలని చెప్పింది. దర్జీ మరో దుకాణంలో కూడా కుట్టగలడన్న ఒక్క కారణంతో అతన్ని కాంట్రాక్టరు అనరాదని స్పష్టం చేసింది. రోజంతా ఒకేచోట కూర్చోకపోవడం కూడా నిర్ణాయకం కాదని పేర్కొంది.

ఇరవై ఎనిమిదేళ్ల ఎదురుచూపు

దర్జీల తీర్పు ఎంతకాలం నిలిచిందో 2019లో మరోసారి తెలిసింది. మహారాష్ట్రలోని మరాఠ్వాడా ప్రాంతంలో గోదావరి గార్మెంట్స్ అనే సంస్థ కత్తిరించిన బట్ట, దారం, గుండీలు మహిళలకు ఇచ్చి, ఇళ్ల వద్ద దుస్తులు కుట్టించుకునేది. కుట్టిన ఒక్కో దుస్తుకు ఇంత అని చెల్లించేది. ఈ మహిళలకు 1979 నుంచి 1991 వరకు భవిష్యనిధి కట్టలేదంటూ పీఎఫ్ అధికారులు దాదాపు 16 లక్షల రూపాయలు చెల్లించాలని 1991లో ఆదేశించారు. సంస్థ కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో గెలిచింది.

2019 జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. భవిష్యనిధి చట్టంలో ఉద్యోగి నిర్వచనం విశాలమైనదని, సంస్థ పనికి సంబంధించి ప్రత్యక్షంగానో పరోక్షంగానో వేతనం పొందే ప్రతి ఒక్కరూ అందులోకి వస్తారని తెలిపింది. ఇంట్లో కూర్చుని కుట్టినంత మాత్రాన తేడా ఏమీ రాదని చెప్పింది. ముడిసరుకు సంస్థ ఇచ్చినదే, కొలతలు సంస్థ చెప్పినవే, లోపముంటే తిరస్కరించే హక్కు సంస్థదేనని గుర్తుచేసింది. గెలుపు కార్మికులదే. అయితే 1991లో మొదలైన తగాదా తేలేసరికి 28 సంవత్సరాలు గడిచాయి. నడి వయసులో కుట్టుపని చేసిన మహిళలు వృద్ధాప్యానికి చేరుకునేంత కాలం అది. హక్కు ఉండటం వేరు, సకాలంలో అందడం వేరు అన్న చేదు నిజం కూడా ఈ కేసే చెబుతోంది.

మధ్యలో మరో కాంట్రాక్టరు ఉంటే?

ఇంతవరకు చెప్పుకున్నది పని చేసే మనిషే కాంట్రాక్టరా అన్న ప్రశ్న. దీనికి తోడు మరో రూపం ఉంది. పరిశ్రమలు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలలో కాపలా, పారిశుధ్యం, డేటా ఎంట్రీ వంటి పనులకు ఏజెన్సీ ద్వారా మనుషులను తీసుకుంటారు. జీతం ఏజెన్సీ ఇస్తుంది. పని చెప్పేది మాత్రం కార్యాలయం. ఇక్కడ మనిషి ఉద్యోగి అన్నదానిపై తగాదా ఉండదు. ఎవరి ఉద్యోగి అన్నదే తగాదా.

కేరళకు చెందిన తాళ్ల ఫ్యాక్టరీ కార్మికుల కేసులో 1978లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ఈ విషయమై మౌలిక సూత్రం చెప్పారు. కార్మికుడి బతుకుతెరువు, నైపుణ్యం, పని కొనసాగింపు ఎవరి చేతిలో ఉంటాయో వారే యజమాని అని, మధ్యలో కాంట్రాక్టరు తెర ఉంటే దానిని తొలగించి చూడాలని ఆయన పేర్కొన్నారు. 2001లో స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మాత్రం కొంత జాగ్రత్త పాటించింది. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన కార్మికులు తమంత తాముగా అసలు యజమాని ఉద్యోగులు అయిపోరని చెప్పింది. కాంట్రాక్టు బూటకమని పారిశ్రామిక న్యాయస్థానంలో రుజువైతే మాత్రం వారిని అసలు యజమాని ఉద్యోగులుగానే పరిగణించాలని తెలిపింది. అంటే తలుపు మూయలేదు. తలుపు తట్టి రుజువు చూపవలసిన భారం మాత్రం కార్మికుడి మీదనే పెట్టింది.

2004లో నీలగిరి సహకార సంఘం కేసులో సుప్రీంకోర్టు ఈ భారాన్ని మరింత స్పష్టం చేసింది. తాను ఉద్యోగినని చెప్పుకునే వ్యక్తే ఆ సంబంధాన్ని నిరూపించాలని పేర్కొంది. అందుకు చూడవలసిన అంశాలను కూడా ఒకచోట చేర్చింది. వివిధ తీర్పుల నుంచి తేలిన ప్రశ్నలను సామాన్యుడి భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటాయి:

- పనిలో పెట్టుకున్నది ఎవరు? తీసివేసే అధికారం ఎవరిది?
- డబ్బు ఎవరు ఇస్తున్నారు? రేటు ఎవరు నిర్ణయిస్తున్నారు?
- పని ఎలా చేయాలో ఎవరు చెబుతున్నారు?
- పనిముట్లు, ముడిసరుకు, స్థలం ఎవరివి?
- బాగా లేదని పనిని తిరస్కరించే హక్కు ఎవరికి ఉంది?
- తన బదులు మరొకరిని పంపే స్వేచ్ఛ పనిచేసే వ్యక్తికి ఉందా?
- లాభం వస్తే ఎవరిది? నష్టం వస్తే ఎవరు భరిస్తారు?
- పని ఒక్కసారితో ముగిసేదా, ఏళ్ల తరబడి సాగేదా?
- ఆ పని సంస్థ వ్యాపారంలో విడదీయలేని భాగమా, అప్పుడప్పుడు అవసరపడేదా?

వీటిలో ఏ ఒక్క ప్రశ్నకూ వచ్చిన సమాధానం తీర్పు కాదు. అన్నిటినీ తక్కెడలో వేసి తూచవలసిందే. ఒప్పంద పత్రంలో 'కాంట్రాక్టరు' అని రాసి సంతకం చేయించుకున్నంత మాత్రాన సమస్య తేలిపోదు. 2020లో ఒక కంటి వైద్యుడి మరణానికి సంబంధించిన బీమా కేసులో కూడా సుప్రీంకోర్టు పాత తీర్పులన్నిటినీ సమీక్షించి, అన్ని సందర్భాలకూ సరిపోయే ఒకే కొలబద్ద లేదని పేర్కొంది. ఆ వైద్యుడు ఉద్యోగి కాడని తేలడం వల్లనే అతని కుటుంబానికి బీమా మేలు దక్కడం విశేషం. ఉద్యోగి అన్న ముద్ర ఎప్పుడూ లాభించేదే అనుకోవడం కూడా పొరపాటని ఈ ఉదంతం చెబుతోంది.

యాప్ యజమాని కాదా?

ఇప్పుడు పాత ప్రశ్న కొత్త వేషంలో వచ్చింది. దేశంలో 2020-21 నాటికి 77 లక్షల మంది గిగ్ కార్మికులు ఉన్నారని, 2029-30 నాటికి వారి సంఖ్య 2.35 కోట్లకు చేరవచ్చని నీతి ఆయోగ్ 2022లో విడుదల చేసిన నివేదికలో అంచనా వేసింది. నగరాలకే పరిమితమైన డెలివరీ పని క్రమంగా జిల్లా కేంద్రాలకూ విస్తరించింది. చదువు ముగించి ఉద్యోగం దొరకని యువకులు ఎందరో ఇందులో చేరుతున్నారు.

కంపెనీల వాదన తేలికగా కొట్టిపారేయదగినది కాదు. ఎప్పుడు లాగిన్ కావాలో యువకుడి ఇష్టం. ఒకేసారి రెండు మూడు యాప్‌లలో పనిచేయవచ్చు. ఆర్డరు వద్దనవచ్చు. బండి అతనిది. అయితే 1973 నాటి దర్జీలకు కూడా ఇటువంటి స్వేచ్ఛ ఉన్నదని గుర్తుంచుకోవాలి. వారూ ఇష్టమైన రోజు వచ్చేవారు. వారూ మరో దుకాణంలో కుట్టగలిగేవారు. అయినా న్యాయస్థానం వారిని ఉద్యోగులన్నది. నేటి యువకుడికి రేటు నిర్ణయించేది యాప్. దారి చూపేది, వేళ లెక్కించేది యాప్. ఖాతాదారులు ఇచ్చే చుక్కలను బట్టి పని ఇచ్చేది, ఐడీని నిలిపివేసేది కూడా యాపే. విప్పి మళ్లీ కుట్టమన్న యజమాని స్థానంలో నేడు రేటింగు ఉంది.

బండి తనదైనంత మాత్రాన లాభనష్టాలు తనవి కావు. రేటు పెంచుకునే హక్కు, సొంత ఖాతాదారులను సంపాదించుకునే అవకాశం లేని వ్యాపారి ఎవరుంటారు? బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఊబర్ డ్రైవర్ల కేసులో ఇంచుమించు ఇదే తర్కంతో వారిని స్వతంత్ర వ్యాపారులుగా అంగీకరించలేదు. అక్కడి చట్టంలో ఉద్యోగికీ, కాంట్రాక్టరుకూ మధ్య 'వర్కర్' అనే మూడో తరగతి ఉంది. డ్రైవర్లను ఆ తరగతిలో చేర్చి కనీస వేతనం, వేతనంతో కూడిన సెలవులకు అర్హులని చెప్పింది. మన దేశంలో యాప్ ఆధారిత రవాణా కార్మికుల సమాఖ్య 2021లోనే సుప్రీంకోర్టును ఆశ్రయించి సామాజిక భద్రత కల్పించాలని కోరింది.

కొత్త స్మృతి ఏం చెప్పింది?

2020 నాటి సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికులను తొలిసారిగా చట్టంలో గుర్తించింది. ఇది స్వాగతించవలసిన విషయం. యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం వరకు సామాజిక భద్రతా నిధికి జమ చేయాలని, అది కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించరాదని స్మృతి నిర్దేశించింది. ప్రమాద బీమా, ఆరోగ్యం, వృద్ధాప్య రక్షణ వంటి పథకాలకు ఆ నిధిని వాడతారు. రాష్ట్రంలో కూడా 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమాను ప్రభుత్వం ప్రకటించింది. 2025 ఏప్రిల్‌లో వారి సంక్షేమానికి ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది.

అయితే స్మృతి ఇచ్చిన నిర్వచనంలోనే ఒక మెలిక ఉంది. సంప్రదాయ యజమాని, ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసి సంపాదించే వ్యక్తే గిగ్ కార్మికుడని అందులో రాశారు. ఇది యాప్ కంపెనీలకు అనుకూలించే మాట. సంక్షేమ నిధి అందుతుంది కానీ కనీస వేతనం, గ్రాట్యుటీ, అన్యాయంగా తొలగిస్తే ప్రశ్నించే హక్కు మాత్రం గీతకు అవతలే ఉండిపోతాయి. సంక్షేమం ప్రభుత్వ దయతో పెరగవచ్చు, తగ్గవచ్చు. హక్కు అలా కాదు. ఒక వ్యక్తిని గిగ్ కార్మికుడని పిలవగానే అతను ఉద్యోగి కాడని తేలిపోయినట్టా, లేక దర్జీల కేసులో వలె వాస్తవాలు పరిశీలించి సంబంధం నిజంగా వెలుపలిదేనా అని తేల్చాలా? న్యాయస్థానాలు రానున్న కాలంలో సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఇదే.

మరోవైపు కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే పరిమితిని కొత్త స్మృతి 20 మంది నుంచి 50 మందికి పెంచింది. 49 మందితో పని నడిపే ఏజెన్సీలు ఆ నిబంధనల పరిధి దాటిపోతాయి. జిల్లాల్లోని చిన్న ఏజెన్సీల కింద పనిచేసేవారిపై దీని ప్రభావం ఎక్కువగా ఉంటుందని గమనించాలి.

కాగితమే ఆయుధం

న్యాయస్థానాల తీర్పుల సారం కార్మికుడికి అనుకూలంగానే ఉంది. కానీ రుజువు భారం అతని మీదనే ఉంది. ఇంటి వద్ద బీడీలు చుట్టేవారు తమ పాసుపుస్తకంలో ఇచ్చిన ఆకు, అప్పగించిన బీడీల లెక్క ఎప్పటికప్పుడు రాయించుకోవాలి. పుస్తకం తమ పేరు మీదనే ఉండేలా చూసుకోవాలి. దుకాణాల్లో పీసు రేటుపై పనిచేసేవారు వీలైనంతవరకు కూలి బ్యాంకు ఖాతాలో పడేలా అడగాలి. ఏజెన్సీల ద్వారా పనిచేసేవారు హాజరు చీటీలు, గుర్తింపు కార్డులు, పని అప్పగించిన సందేశాలు దాచుకోవాలి. డెలివరీ యువకులు చెల్లింపుల వివరాలు, ఐడీ నిలిపివేసినప్పుడు వచ్చిన సందేశాలు ఫోనులోనే వదిలేయకుండా కాగితంపై తీసి ఉంచుకోవాలి. పీఎఫ్ కట్టవలసిన చోట కట్టకపోతే ఆ కార్యాలయం విచారణ జరిపి బకాయి నిర్ధారించే అధికారం కలిగి ఉంది. గోదావరి గార్మెంట్స్ వివాదం మొదలైంది అలాంటి ఆదేశంతోనే.

యజమానులకూ ఇందులో హెచ్చరిక ఉంది. పేరు మార్చి బాధ్యత తప్పించుకోవచ్చన్న ఆలోచన ఇరవై ఏళ్ల తరువాత బకాయిల రూపంలో తిరిగి రావచ్చు. నిజంగానే స్వతంత్రంగా పనిచేసే ఎలక్ట్రీషియన్లు, లెక్కలు చూసేవారు, గుత్తకు పని చేసే ముఠాలు ఉన్నారు. వారితో ఒప్పందాలు చేసుకోవడంలో తప్పు లేదు. రేటు బేరమాడే స్వేచ్ఛ, మనుషులను మార్చుకునే స్వేచ్ఛ, పని పద్ధతిని ఎంచుకునే స్వేచ్ఛ వారికి నిజంగా ఉంటే ఏ న్యాయస్థానమూ అభ్యంతరం చెప్పదు. పగ్గం తన చేతిలో ఉంచుకుని, బండి మాత్రం నీదే అనడంతోనే పేచీ.

కార్మిక శాఖ అధికారులు ఫిర్యాదు వచ్చేదాకా ఎదురుచూడకుండా ఇంటి పని, పీసు పని, యాప్ పని సాగే చోట్ల తామే వివరాలు సేకరించవలసిన అవసరం ఉంది. ఒక్కొక్క కార్మికుడూ సుప్రీంకోర్టు దాకా వెళ్లి తాను ఎవరి ఉద్యోగో నిరూపించుకోవాలంటే జీవితకాలం చాలదు. మరాఠ్వాడా మహిళలకు పట్టిన ఇరవై ఎనిమిదేళ్లు మన జిల్లాల్లోని కార్మికులకు పట్టకూడదు.